కరెంట్ బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

పోయిన వారం మా కమ్యూనిటీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. స్కూల్ పికప్ లైన్లో ఆగి ఉన్న పాత టయోటా వెనక భాగం. నంబర్ ప్లేట్ కనపడకుండా గీత కొట్టారు, అంతవరకు మర్యాదే. బంపర్ మీద పక్క ఊరి హైస్కూల్ ఫుట్‌బాల్ టీం స్టిక్కర్ మాత్రం స్పష్టంగా ఉంది. పక్క ఊరి పిల్లలు మన స్కూలుకు వస్తున్నారన్నమాట. కింద ఒకాయన రాశాడు: "మన ట్యాక్స్ డబ్బులతో ఊళ్ళో అందరి పిల్లలూ చదువుకుంటున్నారు." దానికి టపటపా ముప్ఫై బొటనవేళ్ళు లేచాయి. ఆ వెనకే ఇంకొకరు: "ఈ నాన్-లోకల్ బ్యాచ్ మరీ ఎక్కువైపోయింది."

నాన్-లోకల్! ఎంసెట్ రాసినవాళ్ళం ఈ మాటను అంత తేలిగ్గా మర్చిపోలేం. అప్పట్లో 85 శాతం సీట్లు లోకల్, 15 శాతం ఓపెన్. ఏ క్లాసు ఏ ఊళ్ళో చదివామో చూపించే స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత స్కూళ్ళ చుట్టూ తిరిగిన ఎండాకాలాలు. అవన్నీ దాటుకుని, వీసా స్టాంపింగ్ క్యూలు కూడా దాటుకుని, డాలస్ దాకా వచ్చి, ఎవరో తల్లి కారును చూసి మళ్ళీ అదే మాట బయటికి తీశాం. గట్టిగా లెక్కేస్తే మనం ఈ దేశానికే నాన్-లోకల్.

నవ్వుకుని ఫోన్ పక్కన పెట్టేసేవాణ్ణే. కానీ ఆ "మన ట్యాక్స్ డబ్బులు" దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే అది నా వాదన కూడా. నాలుగేళ్ళ కిందట దాన్ని మా బావమరిది మొహం మీదే అన్నాను.

రోడ్డుకు అటువైపు

బావమరిది అంటే మా ఆవిడ పిన్ని కొడుకు. అప్పట్లో మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు. వాళ్ళ పాప నాలుగో తరగతి, మా చిన్నవాడి స్కూలే. కాంట్రాక్ట్ ఉద్యోగం ఊడిన నెలలోనే లీజు రెన్యువల్ వచ్చింది, అద్దె పెంచారు. జనవరిలో రోడ్డుకు అటువైపు అపార్ట్‌మెంట్‌కు మారిపోయారు. నెలకు నాలుగు వందల డాలర్లు తేడా. ఆరు లేన్ల రోడ్డది. ఇటు మా స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే తన స్కూళ్ళకు తనే పన్ను వేసుకునే ప్రాంతం, అటు ఇంకోటి. వెళ్ళే గుడి అదే, కొత్తిమీర కొనే కొట్టు అదే, పిల్లల పళ్ళ డాక్టరు కూడా ఒకడే. స్కూలు ఒక్కటే మారుతుంది.

ఆ ఏడాది చివరిదాకా పాపను ఉండనిచ్చారు. మే నెలలో ఒక శనివారం సాయంత్రం వచ్చాడు. కాఫీ కప్పు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు క్రికెట్ గురించి మాట్లాడాడు. ఆ తర్వాత, "బావా, వచ్చే ఏడాదికి పాప అడ్రస్ మీ ఇంటిది పెట్టుకోవచ్చా? కరెంట్ బిల్లు ఒక్కటి ఇస్తే చాలట. ఒక్క ఏడాదే. ఐదో క్లాసు అయిపోతే ఎలాగూ మిడిల్ స్కూల్ కదా" అన్నాడు.

కుదరదన్నాను. చెప్పిన మొదటి కారణం నిజమైనదే. తప్పు సమాచారం ఇస్తే నేరమని ఆ ఫారం మీదే అచ్చేసి ఉంటుంది. గ్రీన్ కార్డ్ లైన్లో నిలబడ్డవాడు అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఆ టెన్షన్ వాడికీ తెలుసు, వెంటనే తలూపాడు. నేను అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "అయినా ఇక్కడ ట్యాక్స్ కట్టేది మేము కదరా, నువ్వు అటు కడుతూ ఇటు చదివిస్తానంటే ఎలా?" అన్నాను.

"అద్దెలో నేనూ కట్టాగా బావా ఇన్నాళ్ళూ" అని కప్పు సింకులో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇది జరిగిన రెండేళ్ళకు మా ఇంటికి పోస్టులో ఒక కార్డు వచ్చింది. నిగనిగలాడే కాగితం, నవ్వుతున్న పిల్లలు. మా డిస్ట్రిక్టే పంపింది: బయట ఉంటున్నారా? మా స్కూళ్ళలో చోటుంది, అప్లై చేసుకోండి, మీ స్నేహితులకూ చెప్పండి. దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టి వారం రోజులు చూశాను. మొన్నటిదాకా నేరమైనది ఇవాళ ఆహ్వానమైంది. రోడ్డు అదే, పాప అదే. మధ్యలో మారిందేమిటి?

బిల్లులో రెండు గీతలు

మారింది పిల్లల సంఖ్య. డాలస్ ఉత్తరాన మనవాళ్ళు ఎగబడి ఇళ్ళు కొన్న శివార్లలో చాలావాటికి ఇప్పుడు ఒకటే బాధ. ఇళ్ళ ధరలు చూసి చిన్న పిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి పోతున్నాయి. ఉన్నవాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళయి కాలేజీలకు వెళ్ళిపోయారు. ప్లేనోలో 2024 జూన్‌లో నాలుగు స్కూళ్ళు మూసేయాలని బోర్డు ఓటు వేసింది. ఏళ్ళ తరబడి కొత్త స్కూళ్ళు కడుతూ వచ్చిన ఫ్రిస్కోలో కూడా బయటి పిల్లలకు తలుపు తీశారు.

డిస్ట్రిక్టులు ఎందుకింత ఆత్రపడుతున్నాయో అర్థం కావాలంటే డబ్బు ఎలా నడుస్తుందో చూడాలి. ఇక్కడ స్కూలుకు డబ్బు వచ్చేది హాజరు లెక్కన. అందుకే పిల్లాడు ఒక్కరోజు మానేస్తే పది గంటలకల్లా ఫోన్ వస్తుంది. అది ప్రేమ ఒక్కటే కాదు. ఒక్కో పిల్లకు రాష్ట్రం నిర్ణయించిన మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్లు, ఆ తర్వాత 55 డాలర్లు పెంచారు. దాని మీద రకరకాల హెచ్చింపులు కలుస్తాయి. ఇంతమంది పిల్లలకు ఇంత అని మొత్తం తేలాక, ఊరి పన్ను అంతకన్నా తక్కువైతే మిగతాది రాష్ట్రం ఇస్తుంది. ఎక్కువైతే ఆ ఎక్కువను ఆస్టిన్, అంటే రాష్ట్ర రాజధాని, లాక్కుంటుంది. 1993 నుంచీ ఉన్న ఈ పద్ధతికి ఇక్కడి జనం పెట్టుకున్న పేరు రాబిన్ హుడ్. అంటే రోడ్డుకు అటువైపు పాప మా స్కూలుకు వస్తే మా డిస్ట్రిక్ట్‌కు రావలసినది పెరుగుతుంది, లేదా ఆస్టిన్‌కు పోయేది తగ్గుతుంది. రెండిట్లో ఏదైనా మాకు నష్టం కాదు.

ఇది తెలిశాక నా సొంత ట్యాక్స్ బిల్లు తీసి బల్ల మీద పరిచాను. అందులో స్కూలుకు రెండు గీతలుంటాయి. ఒకటి రోజువారీ ఖర్చులకు, జీతాలకు. రెండోది బిల్డింగుల అప్పులు తీర్చడానికి. ఆ ఏడాది నాకు మొదటిది 3,400 చిల్లర, రెండోది 1,200. మొత్తం 4,600 అనుకోండి. నాకు స్కూలుకెళ్ళే పిల్లలు ఇద్దరు. ఇద్దరికీ కలిపి ఆ మూల మొత్తమే 12,320. నేను కట్టింది అందులో సగం కూడా లేదు.

మరి మిగతాది ఎవరు కట్టారు? మా పక్కింటి ముసలాయన కట్టాడు. ఆయన మనవలు కొలరాడోలో ఉంటారు. హైవే పక్కనున్న ఆఫీసు టవర్లు కట్టాయి, టైర్ల కొట్టు కట్టింది. రాష్ట్రం ఇచ్చే వాటాలో సేల్స్ ట్యాక్స్ ఉంది కాబట్టి మా బావమరిది కొన్న పాత కారు కూడా కట్టింది. "మన ట్యాక్స్ డబ్బులతో ఊరి పిల్లలు" అని గ్రూపులో రాసినాయనకు ముగ్గురు పిల్లలు. ఊరి డబ్బులతో ఆయన పిల్లలు చదువుతున్నారు, నా పిల్లలూ చదువుతున్నారు. పబ్లిక్ స్కూలంటే అర్థమే అది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ పక్క పిల్లను వేలెత్తి చూపించే ముందు మన పళ్ళెం ఎవరు నింపారో చూసుకోవాలి కదా.

ముప్ఫై వేల డాలర్ల తాతయ్య

అమెరికాలో ఈ గొడవ మాట్లాడితే ఒహాయో రాష్ట్రం ఏక్రన్ కేసు తలచుకోకుండా ఉండలేం. ఒక ఒంటరి తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. ఆ పిల్లల తాతయ్య ఇల్లు పక్కనున్న కాప్లీ-ఫెయిర్‌లాన్ డిస్ట్రిక్టులో ఉంది. ఆయన అడ్రస్ మీద పిల్లల్ని అక్కడ చేర్చింది. డిస్ట్రిక్ట్ డిటెక్టివ్‌ను పెట్టి మరీ వెంబడించింది. దాదాపు 30,000 డాలర్లు కట్టమంది. 2011 జనవరిలో జ్యూరీ ఆమెను ఫెలనీ, అంటే పెద్ద నేరం, కింద దోషిగా తేల్చింది, తొమ్మిది రోజులు జైల్లో ఉంది. ఆమె అప్పటికి టీచర్ అవడానికి చదువుకుంటోంది. దేశమంతా గోల అయ్యాక అదే ఏడాది సెప్టెంబరులో గవర్నర్ జాన్ కేసిక్ శిక్షను చిన్న నేరం స్థాయికి తగ్గించాడు.

తాతయ్య ఇంట్లో ఉండి చదువుకోవడం నేరమన్న వాక్యం తెలుగులో పలికి చూడండి. నోరు తిరగదు.

నేను పుట్టిన ఊళ్ళో ఏడో తరగతి వరకే ఉండేది. ఎనిమిది నుంచి అమ్మమ్మగారి ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. హెడ్మాస్టరు గారు నా టీసీ చూడలేదు, మొహం చూశారు. "ఎవరి మనవడివిరా?" అన్నారు. తాతయ్య పేరు చెప్పాను. "కూర్చో" అన్నారు. అదే నా రెసిడెన్సీ వెరిఫికేషన్. మా క్లాసులో సగం మందిమి పక్క ఊళ్ళవాళ్ళమే. కొందరు మేనత్త ఇంట్లో ఉండేవాళ్ళు, కొందరు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. మా తాతయ్య తరంలో అయితే వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళే ఎక్కువ. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. వారాలబ్బాయికి అన్నం పెట్టిన ఇల్లాలు మీది ఏ పంచాయతీ అని అడిగినట్టు ఎక్కడా వినలేదు.

అలాగని ఆ రోజులు బంగారమని నేననను. వారాలు దొరకడానికి కులం చూసేవాళ్ళు, ఆ బడికి రాలేని పిల్లలు ఎందరో మాకు తెలియనే తెలియదు. పైగా ఆ హైస్కూల్ జీతాలు రాష్ట్రం ఇచ్చేది, ఊరి ఇంటిపన్ను కాదు. ఎవరి జేబుకూ నేరుగా తగలనప్పుడు ఉదారత సులువు. ఇక్కడ జేబు తగులుతుంది, అందుకే మొహాలు మారతాయి. ఆ తేడా ఒప్పుకుంటాను.

నాకు సమాధానం లేని చోట్లు

గ్రూపులో ఈ లెక్క పెడితే ఎవరో ఒకరు పట్టుకునేది ఆ రెండో గీతనే. బిల్డింగుల అప్పు. అది పూర్తిగా ఊరివాళ్ళదే. బయటి పాప వచ్చినందుకు దానిలో రాష్ట్రం నుంచి పైసా పెరగదు. బాండ్ల మీద ఓటు వేసిందీ, ముప్ఫై ఏళ్ళు తీర్చేదీ మేమే. న్యాయమైన అభ్యంతరమే. నా దగ్గరున్న జవాబు ఒక్కటే: కట్టేసిన గది ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు.

ఖాళీ లేనప్పుడు మాత్రం కథ వేరు. ఇక్కడ నాలుగో తరగతి వరకు ఒక సెక్షన్లో 22 మంది మించకూడదని చట్టం. 21వ పాప వస్తే ఇంకో కుర్చీ వేస్తే సరిపోతుంది. 23వ పాప వస్తే ఇంకో టీచరు కావాలి. ఒకే పాప, ఒక చోట దాదాపు ఉచితం, ఇంకోచోట జీతం ఖర్చు. ఏక్రన్ తల్లికి వేసిన బిల్లులో ఈ తేడా లేదు. తలకింత అని ఏళ్ళతో గుణించారు. టెక్సస్ చట్టంలో కూడా తప్పుడు అడ్రస్ ఇచ్చినవాళ్ళ నుంచి డిస్ట్రిక్ట్ వసూలు చేసుకోగలిగేది అలాంటి తలసరి మొత్తమే. ఆ పిల్లల వల్ల నిజంగా అంత ఖర్చయిందా అని ఎవరూ అడగరు.

దీనికన్నా నన్ను ఎక్కువ తొలిచేది వదిలేసి వచ్చిన స్కూలు. మా బావమరిది ఉన్న డిస్ట్రిక్టు నుంచి వందమంది పిల్లలు ఇటు వచ్చేశారనుకోండి. వాళ్ళంతా ఒకే క్లాసు నుంచి రారు. పది స్కూళ్ళలో, క్లాసుకొకరో ఇద్దరో తగ్గుతారు. అక్కడ ఒక్క టీచర్నీ తగ్గించలేరు, ఒక్క బస్సూ ఆపలేరు, వందమంది డబ్బు మాత్రం పోతుంది. ఇక్కడ మాకు "దాదాపు ఉచితం" అన్నది అక్కడ వాళ్ళకు "దాదాపు పూర్తి నష్టం". నేను పైన గర్వంగా చెప్పిన లెక్కకు ఇది వెనకవైపు. పైగా బయటి పిల్లల్ని చేర్చుకునే ఈ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో సాధారణంగా బస్సు ఉండదు. మధ్యాహ్నం మూడింటికి కారుతో వచ్చి లైన్లో నిలబడగల తల్లిదండ్రులకే అది అవకాశం. హాజరు చూస్తారు, క్రమశిక్షణ రికార్డు చూస్తారు. స్పెషల్ ఎడ్యుకేషన్ కావాల్సిన పిల్లకు "ఆ ప్రోగ్రాంలో చోటు లేదు" అనడం ఎంత తేలిక! చివరికి అక్కడ మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఈ దేశంలో మొదట మిన్నెసోటా 1988లో ఇలా రాష్ట్రమంతా తలుపులు తీసింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో తీశాయి. తలుపు తీయడంతో పాటు వదిలిన స్కూలుకు ఒకటి రెండేళ్ళు ఊపిరి తీసుకునే డబ్బు, వచ్చే పిల్లకు బస్సు కూడా ఇచ్చి ఉంటే నా సందేహాలు సగం తీరేవి. అడిగితే డబ్బెక్కడిది అంటారు. 2025లో ఇదే టెక్సస్ ప్రైవేటు స్కూళ్ళ ఫీజులకు సాయం చేసే పథకానికి వంద కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఆ బిల్లు మీద చర్చ నడిచినన్నాళ్ళూ మా గ్రూపులో ట్యాక్స్ గురించి ఒక్క బొటనవేలూ కదల్లేదు. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందని మాట్లాడుకుంటున్నాం.

తూర్పు ముఖం, తొమ్మిది రేటింగ్

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, మనల్ని కుట్టేది ట్యాక్స్ కాదని.

మేం ఇల్లు కొన్నప్పుడు ఏజెంటు వంటగది కన్నా ముందు స్కూల్ రేటింగ్ చూపించాడు. తూర్పు ముఖమా, రేటింగ్ తొమ్మిదా అని చూసుకున్నాక మిగతావి. రోడ్డుకు అటువైపు ఇదే సైజు, ఇదే ఇటుక, ఇంతే పెరడు ఉన్న ఇల్లు చాలా తక్కువకు వచ్చేది. ఆ తేడా డబ్బును మేం స్కూలు కోసం కట్టామని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కానీ అందులో ఒక్క డాలరూ స్కూలుకు చేరలేదు. అమ్మినాయనకు చేరింది, మిగిలింది వడ్డీగా బ్యాంకుకు చేరుతోంది. సినిమా టికెట్ బ్లాకులో కొన్నవాడికి, పక్క సీట్లో కౌంటర్ టికెట్ వాడు కనపడితే వచ్చే కోపం ఇది. ఆ డబ్బు బ్లాకువాడి జేబులోకి పోయింది, థియేటర్‌కు పోలేదు. కోపం మాత్రం పక్క సీటువాడి మీద.

ఈ గీతల చరిత్ర కూడా ఇక్కడిదే, ఈ రాష్ట్రానిదే. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్, ఆలమో హైట్స్ అనే కలిగిన డిస్ట్రిక్ట్. ఎడ్జ్‌వుడ్‌లో వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను వేసుకుంటే రాష్ట్ర కార్యక్రమానికి ఇవ్వాల్సింది పోను పిల్లకు 26 డాలర్లు వచ్చేవి. ఆలమో హైట్స్‌లో 85 సెంట్లే వేసుకుంటే 333 డాలర్లు. ఎక్కువ పన్ను కట్టినవాడికే తక్కువ. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 1973లో 5-4 తేడాతో ఓడిపోయారు. మళ్ళీ రాష్ట్ర కోర్టులో పోరాడి 1989లో గెలిచారు. రాబిన్ హుడ్ పుట్టింది ఆ గెలుపులోంచే. ఆ పోట్లాటలు మనలో ఎక్కువమందికి తెలియవు, రేటింగులు మాత్రం తెలుసు.

అబద్ధపు అడ్రస్ తప్పు కాదని అనడం లేదు నేను. నా బిల్లు మా బావమరిదికి ఇవాళ కూడా ఇవ్వను. ఇవ్వకపోవడానికి కారణం చట్టం, భయం. ఆ రోజు వాటికి ట్యాక్స్ అనే గౌరవప్రదమైన చొక్కా తొడిగాను, అదీ నా తప్పు.

ఆ కార్డు వచ్చిన రోజు వాడికి ఫోన్ చేసి చెప్పాను. "చూస్తాలే బావా" అన్నాడు. వారం తర్వాత పుట్టినరోజు భోజనానికి వచ్చినప్పుడు పాపనే అడిగాను. అప్పటికి ఆరో క్లాసు పూర్తయింది. "నాకు అక్కడ బ్యాండ్‌లో క్లారినెట్ ఇచ్చారు మామయ్యా, వదిలేసి రాను" అంది. మా స్కూల్ రేటింగ్ ఎంతో ఆ పిల్లకు తెలియదు. మా చిన్నవాడు ఆ క్లారినెట్ అడిగి తీసుకుని ఊదబోతే పిల్లి అరిచినట్టు వచ్చింది.

గ్రూపులో ఇదంతా రాయలేదు. మా ట్యాక్స్ బిల్లు ఫొటో తీసి, అంకెల కింద గీత గీసి, "మా ఇద్దరు పిల్లలకూ అయ్యేది ఇంత, నేను కట్టింది ఇంత" అని మాత్రం పెట్టాను. మూడు బొటనవేళ్ళు వచ్చాయి. అందులో ఒకటి మా ఆవిడది.

నిన్న రాత్రి ఇద్దరు పిల్లలకూ కొత్త ఏడాది రిజిస్ట్రేషన్ పూర్తిచేయడానికి కూర్చున్నాను. పదకొండేళ్ళుగా ఇదే ఇల్లు, ఇదే డిస్ట్రిక్ట్. కరెంట్ బిల్లు అప్‌లోడ్ చేశాను. పొద్దున్నే ఈమెయిల్ వచ్చింది: మీరిచ్చిన నివాస రుజువు అంగీకరించలేదు, బిల్లు మీద పేరు, అప్లికేషన్ మీద పేరు వేరుగా ఉన్నాయి. వెళ్ళి చూస్తే బిల్లు మా ఆవిడ పేరు మీద ఉంది.